తాళం పద్నాలుగో పోర్టు దగ్గరుంది

శనివారం. కూలి డబ్బుల రోజు.
కాశీబుగ్గ రోడ్డు మీద జీడి పొగ
వానకి తడిసి కిందికి దిగిపోయింది.
కిటికీ అవతల తవిటమ్మ
బూడిద రాసుకున్న చేతులు కొంగులో దాచుకుని
"రాసీసినావేటి బాబూ?" అంటోంది.

తెర మీద ఒకటే మాట:
రికార్డుకి తాళం. పోర్టు పద్నాలుగు.

పద్నాలుగంటే తూకం గది.
తూకం గదంటే బిసాయి.
బిసాయి అంటే, ఈ వేళకి, టీకొట్టు.
ఆవిడ రికార్డు తెరిచి, మూయకుండా,
గొడుగేసుకుని పోయుంటాడు.

ఈ యంత్రం నాకంటే ముందొచ్చింది ఫ్యాక్టరీకి.
మొన్న ఆడిటరు కుర్రాడు నవ్వాడు,
ఒక్క గడిలో ఇన్ని విలువలేమిటండీ,
గడికొకటే ఉండాలి కదా అని.
నేనేమీ అనలేదు.
తవిటమ్మకి ఇంటిపేర్లు రెండు,
ఫోన్లు మూడు, అందులో ఒకటి పక్కింటివాళ్లది.
వారానికి ఆరు తూకాలు,
ఏ తూకానికి ఆ గుండు, ఆ బద్ద, ఆ నూక.
గడికొకటి చొప్పున కోసి పంచితే
ఆవిణ్ణి ఎన్ని కాగితాల్లో వెతుక్కోవాలి?

అడగడంలో ఉంది కిటుకంతా.
పన్నెండు కిలోలు దాటినవాళ్లెవరని అడిగావో
మనిషి మొత్తంగా వచ్చి నిలబడుతుంది:
దాటిన మంగళవారం,
దాని వెనకే
జొరంతో మూడు కిలోలకే లేచిపోయిన గురువారం.
దాటినప్పటిది మాత్రమే చూపమంటే
మంగళవారం ఒక్కటే వస్తుంది.
మేనేజరుకి కావలసిందదే, రేపటి లెక్క పెంచడానికి.
నేర్పిన పాణిగ్రాహి గారు
టెర్మినల్ ముందు చెప్పులు విప్పి కూర్చునేవారు.
ఎవరు, ఎప్పుడు, ఈ రెండూ కలిపెయ్యకురా అనేవారు.
తెలియడానికి నాకు రెండేళ్లు పట్టింది.

తాళం తీసెయ్యొచ్చు. ఆ అధికారం ఉంది నాకు.
ఒక ఆజ్ఞ, రెండంకెలు.
ఒకసారి తీశాను.
దాలెమ్మ రికార్డు, ఇలాంటి వానే.
అవతల బిసాయి తూకం రాసేలోగా
పాత కాపీ చదువుకున్నాను నేను,
అతను రాశాక దాని మీదే నా అడ్వాన్సు రాశాను.
ఆఖరున రాసిందే నిలిచింది.
పదకొండు కిలోల గుండుపప్పు
ఏ గడిలోనూ లేకుండా పోయింది.
జీడి నూనెకి కాలిన వేళ్లు సాక్ష్యమున్నాయి గానీ
వాటికి వేలిముద్రే పడదు.
నా జీతంలోంచి ఇచ్చాను.
లెక్కపెట్టకుండా పుచ్చుకుంది.
లెక్కపెట్టుకుని ఉంటే బాగుండేది.

అందుకే కాచుకుంటున్నాను.
ప్రోగ్రాం ఐదు సెకన్లకోసారి తలుపు తడుతోంది.
తాళం.
తాళం.

రాయడానికే అడ్డు, చూడ్డానికి కాదు.
ఊరికే ఆవిడ నామినీల గడి తెరిచాను.
కూతురి పేరు, కింద ఖాళీ, ఆ కింద మరిది కొడుకు.
పక్క గడిలో వరసగా మూడు వాటాలు.
చదువు రాదు గానీ, చువ్వల్లోంచి వంగి చూసి,
"మధ్యనదేటి బాబూ, ఏటీ నేదు?"
"మీ గుంటడి పేరు తీసీమన్నావు కదా, పోయిన వానల్లో."
"పేరు తీసినావు. మరి సోటు?"
"చోటు కూడా తీసేస్తే కిందవాళ్లు పైకి జరిగిపోతారమ్మా,
వాడి వాటా పక్కకి ఇంకొకరి పేరొస్తుంది."
చాలాసేపు చూసింది.
పలాస స్టేషన్లో ఏదో బండి ఆగి, కూసి, కదిలింది.
"అయితే ఒగ్గీ. అలగుండనీ."

బిసాయి వచ్చాడు, గొడుగు కారుస్తూ,
నాకోసం రెండు వడలు, కాగితం నిండా నూనె.
తిట్టడానికి నోరు తెరిచి ఒక వడ తిన్నాను.
పద్నాలుగు వదిలింది.

ఇప్పుడు తాళం నాది.
రాస్తున్న ఆ రెండు క్షణాలూ
తవిటమ్మని ఎవరూ ముట్టుకోలేరు,
మేనేజరైనా సరే.
ఆరు తూకాలు, ఆరు రేట్లు, ఒక అడ్వాన్సు.
కొంచెం నెమ్మదిగానే కొట్టాను.

రాశాను. వదిలాను.
నోట్లు కొంగున ముడేసుకుని పక్కకి జరిగింది.
చువ్వల్లోంచి ఇంకో నల్లటి చెయ్యి లోపలికొచ్చింది.